దాటడం వేరు, దాచుకోవడం వేరు: బ్రౌజర్‌లో ‘ఉచిత వీపీఎన్’ అసలు చేసేదేమిటి?

ఉద్దానంలో ఏ ఊరికి వెళ్లినా గల్ఫ్‌లో పని చేస్తున్న మనిషి ఉన్న ఇల్లు ఒకటైనా తగులుతుంది. కవిటి, కంచిలి, సోంపేట వైపు కుర్రాళ్లు వెల్డర్లుగా, ఫిట్టర్లుగా, రిగ్గర్లుగా వెళ్లడం కొత్త సంగతేమీ కాదు. వాళ్లతో పాటే వీపీఎన్ అనే మాట కూడా ఆ ఇళ్లలోకి వచ్చేసింది. మన నెట్ వాడకాన్ని వేరే చోట ఉన్న కంప్యూటర్ మీదుగా మళ్లించే సాధనం అది. దుబాయ్ నుంచి వాట్సాప్‌లో మెసేజ్ వస్తుంది, ఫొటో వస్తుంది, రికార్డు చేసి పంపిన గొంతు కూడా వస్తుంది. వీడియో కాల్ మాత్రం కలవదు. ‘ఏటి నాన్నా, వీపీఎన్ ఎయ్యలేదేటి?’ అని ఇటు నుంచి పిల్ల అడుగుతుంది.

శ్రీకాకుళం టౌన్‌లో ఇంజినీరింగ్ పిల్లల లాప్‌టాప్‌లు చూస్తే ఇదే సరుకు ఇంకో రూపంలో కనిపిస్తుంది. క్రోమ్‌లో అడ్రస్ బార్ పక్కన చిన్న డాలు బొమ్మో, గ్లోబు బొమ్మో ఉంటుంది. అది ఎక్స్‌టెన్షన్, అంటే బ్రౌజర్‌కు తగిలించుకునే చిన్న ప్రోగ్రాం. నొక్కితే ఆకుపచ్చగా మారి, నెదర్లాండ్స్‌కి కనెక్ట్ అయ్యారని చెబుతుంది. డబ్బు కట్టక్కర్లేదు, చాలావాటికి పేరు కూడా చెప్పక్కర్లేదు. మీ ప్రాంతంలో తెరుచుకోని సైట్లు తెరుచుకుంటాయి, మీరేం చూస్తున్నారో ఎవరికీ తెలియదు అని రెండు హామీలు ఒకే ఊపులో ఇచ్చేస్తుంది. మొదటి హామీ చాలావరకు నిలబెట్టుకుంటుంది. రెండోదాని దగ్గరికొచ్చేసరికి చేతులెత్తేస్తుంది, కొన్నిసార్లు ఉన్న గుట్టు కూడా పోగొడుతుంది. ఈ రెండూ ఒకటే పని అనుకోవడంలోనే చిక్కంతా ఉంది.

ముందు దాటడం సంగతి చూద్దాం. మీ ఫోనుకో, ఇంటి వైఫైకో నెట్ కంపెనీ ఒక నంబరు ఇస్తుంది. అదే ఐపీ అడ్రస్. మీరు తెరిచే ప్రతి సైటుకూ ఆ నంబరు తెలిసి తీరాలి, లేకపోతే పేజీని ఎక్కడికి పంపాలో దానికి తెలియదు. ఏ వరస నంబర్లు ఏ దేశంలో వాడుతున్నారో పట్టికలు కట్టి అమ్మే కంపెనీలు ఉన్నాయి. అమెరికాలోని మాక్స్‌మైండ్ వాటిలో పేరున్నది. సైట్లు ఆ పట్టిక చూసి మీది ఫలానా దేశమని తేల్చుకుంటాయి. దేశం వరకు ఈ లెక్క చాలావరకు సరిపోతుంది, ఊరి దగ్గరికొస్తే తప్పుతుంది. నరసన్నపేటలో కూర్చుని ‘నా ఐపీ ఎక్కడిది’ అని వెతికితే విశాఖపట్నం అనో, హైదరాబాద్ అనో, చెన్నై అనో రావచ్చు.

ఈ తప్పు ఎంత దూరం పోతుందో చెప్పే కథ ఒకటి 2016లో బయటపడింది. అమెరికాలో ఉన్నాయని తప్ప ఇంకేమీ తెలియని ఐపీలన్నిటికీ మాక్స్‌మైండ్ దేశం నడిమధ్యన ఒక గుర్తు పెట్టేసింది. ఆ గుర్తు వెళ్లి కాన్సస్ రాష్ట్రంలో పాట్విన్ అనే చిన్న ఊరి దగ్గర ఒక వ్యవసాయ క్షేత్రం మీద పడింది. అలా 60 కోట్ల పైచిలుకు ఐపీలు ఆ ఒక్క ఇంటి పేర నమోదయ్యాయి. ఎక్కడెక్కడి మోసాలకో, తప్పిపోయిన మనుషుల కోసమో పోలీసులు ఏళ్ల తరబడి ఆ ఇంటి తలుపు కొట్టారు. చివరికి కంపెనీ ఆ గుర్తును తీసుకెళ్లి ఒక చెరువు మధ్యలో పెట్టుకుంది. ఐపీ చూసి మనిషి ఎక్కడున్నాడో చెప్పడం ఇంత నిక్కచ్చిగా ఉంటుందన్నమాట.

ఇక అడ్డు ఎవరు పెట్టారన్నది చూసుకోవాలి. కొన్నిసార్లు సైటే పెడుతుంది. సినిమాల హక్కులు, క్రికెట్ హక్కులు దేశాలవారీగా అమ్ముడవుతాయి, అందుకే ఇక్కడ ఆడే సినిమా అమెరికాలో ఉన్న అన్నయ్యకు అదే యాప్‌లో కనబడదు. మన ప్రభుత్వ సైట్లు కొన్ని విదేశీ ఐపీలను అసలు లోపలికే రానివ్వవు. ఇంకొన్నిసార్లు ప్రభుత్వం చెబితే నెట్ కంపెనీ ఆపుతుంది. ఐటీ చట్టంలోని 69ఏ సెక్షన్ ఆ అధికారం ఇస్తుంది. 2020 జూన్ 29న టిక్‌టాక్‌తో సహా 59 చైనా యాప్‌లు పోయింది ఆ సెక్షన్ కిందే. హాస్టల్ వైఫైలో వార్డెన్ పెట్టించే అడ్డు మూడో రకం, అది ఆ గోడల వరకే.

నెట్ కంపెనీ ఆపే పద్ధతులు కూడా రకరకాలు. సైటు పేరు ఇచ్చి నంబరు అడిగినప్పుడు తప్పుడు నంబరు చెప్పడం పాత పద్ధతి. ఇప్పుడు దాదాపు అన్ని సైట్లూ తాళం వేసుకుని, అంటే మధ్యలో ఎవరూ చదవలేని ఎన్‌క్రిప్షన్‌తో వస్తున్నాయి. అయినా ఆ తాళం పడే ముందు మీ బ్రౌజర్ ‘నాకు ఫలానా సైటు కావాలి’ అని పేరు మాత్రం చాలావరకు బహిరంగంగానే చెబుతుంది. ఆ పేరు విని కనెక్షన్ తెంపేయవచ్చు. జియో ఈ పద్ధతి వాడుతోందని 2019లో బెంగళూరులోని సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ పరిశోధకులు పరీక్షలు చేసి చూపించారు.

ఎక్స్‌టెన్షన్ చేసేది కేరాఫ్ అడ్రస్ లాంటి ఏర్పాటు. మీ ఉత్తరం నేరుగా వెళ్లకుండా నెదర్లాండ్స్‌లో ఉన్న ఒక మధ్యవర్తికి వెళ్తుంది. అతను తన అడ్రస్ వేసి ముందుకు పంపుతాడు, జవాబు తన దగ్గరికి వస్తే మీకు చేరవేస్తాడు. సైటుకు కనిపించేది అతని అడ్రస్, మీ నెట్ కంపెనీకి కనిపించేది మీరు అతనితో మాట్లాడుతున్నారన్న సంగతి. ఈ మధ్యవర్తి సర్వర్‌ను ప్రాక్సీ అంటారు. బ్రౌజర్‌లో ప్రాక్సీ సెట్టింగ్ ఎప్పటి నుంచో ఉంది. ఎక్స్‌టెన్షన్ ఆ సెట్టింగ్‌ను మీ బదులు మారుస్తుంది, అంతే. పేరుకు వీపీఎన్ అని రాసుకున్నా వీటిలో ఎక్కువ భాగం ప్రాక్సీలే.

ఈ తేడా పట్టించుకోనందుకు చాలామంది దెబ్బతింటున్నారు. అసలు వీపీఎన్ యాప్ ఫోనులోంచి బయటికెళ్లే మొత్తం ట్రాఫిక్‌ను తన దారికి మళ్లిస్తుంది. ఎక్స్‌టెన్షన్‌కు బ్రౌజర్ దాటి చెయ్యి అందదు. పక్కనే తెరిచి ఉన్న వాట్సాప్, టొరెంట్, విండోస్ అప్‌డేట్ అన్నీ మీ సొంత ఐపీతోనే పోతుంటాయి. ఆండ్రాయిడ్ ఫోనులో క్రోమ్‌కు ఎక్స్‌టెన్షన్లే లేవు. ఫైర్‌ఫాక్స్‌లో ఉన్నాయి గానీ అక్కడా బ్రౌజర్ వరకే.

అందుకే గల్ఫ్ కాల్ సమస్యకు ఎక్స్‌టెన్షన్ పనికిరాదు. ఇంకో సంగతి, అక్కడ అడ్డు ఉన్నది యూఏఈ టెలికాం నెట్‌వర్క్‌లో. ఇచ్ఛాపురంలో ఉన్న భార్య తన ఫోనులో ఎన్ని వీపీఎన్‌లు వేసుకున్నా అటువైపు గోడ అలాగే ఉంటుంది. అక్కడున్న మనిషి వేసుకుంటేనే దారి దొరుకుతుంది, దాని బరువు కూడా అతని మీదే పడుతుంది. యూఏఈ 2021లో చేసిన సైబర్ నేరాల చట్టం, 34వ నంబరుది, ఐపీని మభ్యపెట్టి నేరం చేసినా, నేరం బయటపడకుండా చూసుకున్నా ఐదు లక్షల నుంచి ఇరవై లక్షల దిర్హాముల జరిమానా అంటోంది. జైలు కూడా పడవచ్చు. ఐదు లక్షల దిర్హాములంటే మన డబ్బులో కోటి రూపాయల పైమాటే. కంపెనీలు, బ్యాంకులు తమ పనికి వీపీఎన్ వాడుకోవడం అక్కడ తప్పు కాదు. నిషేధించిన కాల్ సర్వీసు కోసం వాడటమే ప్రమాదం. అక్కడ అనుమతి ఉన్న బోటిమ్ లాంటి యాప్‌లు ఉన్నాయి. కాస్త విసుగ్గా ఉన్నా కుటుంబంతో మాట్లాడటానికి అవే నయం. వెల్డర్ జీతం మీద బతికే ఇంటికి ఈ విషయంలో సాహసం వద్దనే చెబుతాను.

ఐపీ మారిస్తే సరిపోదని తెలిసొచ్చే చోటు ఇంకొకటుంది. ఆంధ్రప్రదేశ్ 2020లో తన గేమింగ్ చట్టాన్ని సవరించి డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. రమ్మీ యాప్‌లు, ఫాంటసీ క్రికెట్ యాప్‌లు మన రాష్ట్రం వాళ్లను ఆపేశాయి. కుర్రాళ్లు వెంటనే వీపీఎన్ వైపు చూశారు. కానీ యాప్ అడిగేది ఫోను లొకేషన్. అది జీపీఎస్ నుంచీ, చుట్టుపక్కల వైఫైల నుంచీ వస్తుంది. బ్రౌజర్‌లో ‘మీ లొకేషన్ తెలుసుకోవచ్చా’ అని సైటు అడిగినప్పుడు సరే అంటే అక్కడా అంతే. ఐపీలో నెదర్లాండ్స్, లొకేషన్‌లో నరసన్నపేట! ఎలాగో దాటి ఆడినా, గెలిచిన డబ్బు తీసుకోబోతే కేవైసీలో ఆధార్ అడ్రస్ పట్టిస్తుంది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టంతో డబ్బు ఆటలు దేశం మొత్తం మీదే నిషేధంలోకి వచ్చాయి కాబట్టి ఇప్పుడు పక్క రాష్ట్రం ఐపీతో కూడా లాభం లేదు.

ఇక దాచుకోవడం. ఇక్కడ మొదట కూలగొట్టాల్సిన భ్రమ క్రోమ్‌లోని ఇన్‌కాగ్నిటో విండో. నల్ల టోపీ, కళ్లద్దాల బొమ్మ చూసి అదేదో మాయావేషం అనుకుంటాం. అది చేసే పని ఒక్కటే. విండో మూసేశాక హిస్టరీ గానీ, కుకీలు, అంటే మనల్ని మళ్లీ గుర్తుపట్టడానికి సైట్లు బ్రౌజర్‌లో వదిలే చీటీలు గానీ ఆ కంప్యూటర్‌లో మిగలవు. ఇంట్లోవాళ్ల కంట పడకుండా పుట్టినరోజు బహుమతి వెతకడానికి చక్కగా సరిపోతుంది. సైటుకూ, నెట్ కంపెనీకీ మీరు ఎప్పటిలాగే కనబడతారు. ఈ విషయం జనానికి సరిగ్గా చెప్పలేదని అమెరికాలో 2020లో గూగుల్ మీద దావా పడింది. 2024లో రాజీకి వచ్చి, ఇన్‌కాగ్నిటోలో పోగుచేసిన వందల కోట్ల రికార్డులు చెరిపేయడానికి ఆ కంపెనీ ఒప్పుకుంది. ఇందులో ఇంకో మడత ఉంది. క్రోమ్‌లో ఇన్‌కాగ్నిటో తెరిస్తే ఎక్స్‌టెన్షన్లు వాటంతట అవి పనిచేయవు, విడిగా అనుమతి ఇవ్వాలి. రెండూ కలిపితే రెట్టింపు రక్షణ అనుకుని ఇన్‌కాగ్నిటో తెరిచినవాళ్లు ఆ వీపీఎన్ లేకుండానే తిరుగుతుంటారు.

ఎక్స్‌టెన్షన్ ఆన్ చేసి జీమెయిల్‌లోనో, ఫేస్‌బుక్‌లోనో లాగిన్ అయితే మీరెవరో మీరే చెప్పినట్టు. లాగిన్ కాకపోయినా పాత కుకీలు గుర్తుపడతాయి. కుకీలు చెరిపేసినా స్క్రీన్ సైజు, ఫాంట్లు, టైమ్ జోన్, భాష అన్నీ కలిపితే బ్రౌజర్‌కు వేలిముద్ర లాంటి గుర్తు తయారవుతుంది. డిజిటల్ హక్కుల కోసం పనిచేసే ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ 2010లో పరీక్షిస్తే నూటికి 83 పైగా బ్రౌజర్లు అలా దేనికదే విడిగా దొరికిపోయాయి. ఆమ్‌స్టర్‌డామ్ ఐపీ, తెలుగు ఫాంటు, భారత కాలమానం మూడూ కలిసిన మనిషి గుంపులో దాక్కున్నట్టు కాదు, గుంపులో చెయ్యెత్తినట్టు. పైగా బ్రౌజర్‌లో వీడియో కాల్స్ కోసం పెట్టిన వెబ్‌ఆర్‌టీసీ అనే ఏర్పాటు ప్రాక్సీని పక్కకు తప్పించి అసలు ఐపీని బయటపెట్టగలదని 2015లోనే తేలింది. మంచి ఎక్స్‌టెన్షన్లు దాన్ని మూసేస్తాయి, ఉచితంగా దొరికేవన్నీ ఆ శ్రద్ధ చూపవు.

ఇవన్నీ చిన్న కంతలు. పెద్ద ద్వారం వేరే ఉంది, దాన్ని మనమే తెరిచిపెడతాం. ఎక్స్‌టెన్షన్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఒక చిన్న పెట్టె వస్తుంది. అన్ని వెబ్‌సైట్లలోని మీ డేటా మొత్తాన్నీ చదవడానికి, మార్చడానికి దీనికి అనుమతి కావాలి అని ఉంటుంది. ఎవరం చదవం, నీలం బటన్ నొక్కేస్తాం. ఆ వాక్యం చాలావరకు అక్షరాలా నిజం. మధ్యవర్తి సర్వర్‌కు మీరు ఏ సైటుకు వెళ్తున్నారో తెలుస్తుంది గానీ, తాళం ఉన్న పేజీలో ఏముందో కనబడదు. ఎక్స్‌టెన్షన్ కూర్చునేది బ్రౌజర్ లోపల, తాళం తీసేసిన తర్వాత. బ్యాంకు బ్యాలెన్సు, టైప్ చేస్తున్న పాస్‌వర్డు, మెయిల్లో అమ్మకు రాసిన మాట, అన్నీ దాని కళ్ల ముందే. ఈ లెక్కన ఆ అనుమతి తీసుకున్న ‘ప్రైవసీ’ ఎక్స్‌టెన్షన్‌కు తెలిసేది మీ నెట్ కంపెనీకి తెలిసేదానికన్నా చాలా ఎక్కువ. నిజానికి ప్రాక్సీ సెట్టింగ్ మార్చడానికి వేరే అనుమతి ఉంది. సర్వర్‌కు యూజర్‌నేమ్, పాస్‌వర్డు అందించడానికి కొన్నింటికి సైట్ల అనుమతి కూడా అవసరమవుతుంది గానీ, ఆ పని కోసం పేజీ చదవాల్సిన పని లేదు.

అయినా పేజీలు చదివిన ఎక్స్‌టెన్షన్లు ఉన్నాయి. ఫ్రీవీపీఎన్.వన్ అనే క్రోమ్ ఎక్స్‌టెన్షన్‌ను లక్ష మందికి పైగా వేసుకున్నారు, స్టోర్‌లో దానికి వెరిఫైడ్ గుర్తు కూడా ఉండేది. పేజీ తెరిచిన సెకనుకల్లా అది స్క్రీన్‌షాట్ తీసి తన సర్వర్‌కు పంపుతోందని 2025 ఆగస్టులో కోయ్ సెక్యూరిటీ అనే సైబర్ భద్రతా సంస్థ బయటపెట్టింది. ప్రమాదకరమైన సైట్లను పట్టుకోవడానికే అని తయారీదారు సమాధానం! అదే ఏడాది డిసెంబరులో అర్బన్ వీపీఎన్ ప్రాక్సీ వంతు వచ్చింది. అప్పటికి క్రోమ్‌లో 60 లక్షల మంది వాడుతున్న ఆ ఎక్స్‌టెన్షన్, జనం చాట్‌జీపీటీ లాంటి ఏఐలతో చేసే సంభాషణలను పోగుచేస్తోందని అదే సంస్థ చెప్పింది. వీపీఎన్ ఆఫ్‌లో ఉన్నా సేకరణ ఆగేది కాదట.

వీటికన్నా నన్ను ఎక్కువ కలవరపెట్టేది పాత కథే, 2015 నాటి హోలా. ఇజ్రాయెల్ కంపెనీ, ఉచితం, కోట్లమంది వాడేవారు. దానికి సొంత సర్వర్లు కొనాల్సిన ఖర్చు పెద్దగా లేదు, ఎందుకంటే ఒకరి ట్రాఫిక్‌ను ఇంకొకరి ఇంటి కనెక్షన్ మీదుగా పంపేది. మీరు అమెరికా ఐపీ వాడుకుంటుంటే ముక్కూమొహం తెలియని ఇంకొకరు మీ శ్రీకాకుళం ఐపీ వాడుకుంటుంటారు. అంతటితో ఆగకుండా ఆ కనెక్షన్లను లుమినాటి అనే తన ఇంకో వ్యాపారం ద్వారా డబ్బుకు అమ్మేది. ఇప్పుడు దాని పేరు బ్రైట్ డేటా. ఆ దారిలోనే తన సైటు మీద దాడి జరిగిందని 8చాన్ అనే చర్చా వేదిక నిర్వాహకుడు బయటపెట్టాకే వాడేవాళ్లలో చాలామందికి సంగతి తెలిసింది. మీ ఐపీ మీదుగా ఎవరో బెదిరింపు మెయిల్ పంపితే సైబర్ పోలీసుల విచారణ మొదలయ్యేది ఆ కనెక్షన్ ఎవరి పేరున ఉందో వాళ్ల దగ్గరే. ఇంటర్నెట్ బిల్లు నాన్న పేరున ఉంటే ముందు పిలిచేది నాన్ననే.

మరి డబ్బు కట్టేవి? వాటి వ్యాపారం మీ డబ్బుతో నడుస్తుంది కాబట్టి మీ డేటా అమ్మాల్సిన ఒత్తిడి తక్కువ. అంతకుమించి గ్యారంటీ లేదు. లాగ్‌లు, అంటే ఎవరు ఎప్పుడు వాడారన్న రికార్డులు ఉంచం అని అందరూ అంటారు. అలాగే అన్న ప్యూర్‌వీపీఎన్ 2017లో ఒక వేధింపుల కేసులో ఎఫ్‌బీఐకి ఆచూకీ దొరికేంత సమాచారం ఇచ్చింది. నిందితుడి మీద నాకు జాలి లేదు, కానీ లేని లాగ్ ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్న ఉండిపోయింది. 2023 ఏప్రిల్‌లో స్వీడన్‌లో ముల్వాద్ అనే వీపీఎన్ కంపెనీ ఆఫీసుకు పోలీసులు సెర్చ్ వారెంటుతో వెళ్తే ఇవ్వడానికి ఏమీ లేక ఉత్త చేతులతో తిరిగొచ్చారు. ప్రకటనలు ఎలా ఉన్నా, పోలీసులు వచ్చిన రోజు ఏం జరిగిందో చూసి ఎంచుకోవడం మేలు.

మన దేశంలో వీపీఎన్ వాడటం నేరం కాదు. జమ్ముకశ్మీర్‌లో కొన్ని జిల్లాల్లో అధికారులు కొంతకాలం నిషేధించిన సందర్భాలున్నాయి, మన దగ్గర అలాంటిది లేదు. వీపీఎన్‌లో చేసిన నేరం మాత్రం నేరమే. కంపెనీల మీద ఆంక్ష ఉంది. 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం వీపీఎన్ కంపెనీలు వాడేవారి పేరు, అడ్రస్, ఫోన్, ఐపీ వివరాలు ఐదేళ్లు దాచాలి. ఎక్స్‌ప్రెస్, సర్ఫ్‌షార్క్, నార్డ్, ఆ తర్వాత ప్రోటాన్, ఈ షరతుకు ఒప్పుకోక తమ సర్వర్లను భారత్ నుంచి తీసేశాయి. అయినా ఎక్స్‌ప్రెస్‌వీపీఎన్ జాబితాలో ‘ఇండియా’ ఉంది. యంత్రం సింగపూర్‌లోనో, బ్రిటన్‌లోనో ఉంటుంది, నంబరు మాత్రం పట్టికల్లో భారతీయ నంబరు. ఫలానా నంబరు భారత్‌ది అని పట్టికలో రాసి ఉంటే చాలు, సైటు నమ్మేస్తుంది. గల్ఫ్ నుంచి ఇక్కడి సైట్లు చూడాలనుకునేవాళ్లకు ఉపయోగపడేది ఈ కిటుకే. బ్యాంకు సైట్లకు మాత్రం ఇది వాడొద్దు. పొద్దున దుబాయ్, మధ్యాహ్నం సింగపూర్ కనిపిస్తే ఖాతాను అనుమానంతో ఆపేయవచ్చు, దాన్ని తెరిపించడానికి పడే టెన్షన్ వేరు.

నన్నడిగితే, ఒక వ్యాసమో, పాఠమో ఈ దేశంలో తెరుచుకోకపోతే దాని కోసం ఎక్స్‌టెన్షన్ వాడుకోవచ్చు. అయితే అది విడి బ్రౌజర్‌లో ఉండాలి. క్రోమ్‌లో బ్యాంకు, మెయిల్ చూసేవాళ్లు ఫైర్‌ఫాక్స్‌లో ఈ పని పెట్టుకుంటే, ఎక్స్‌టెన్షన్ ఎంత తొంగిచూసినా దానికి దొరికేది ఆ పాఠమే. నిజంగా గుట్టు కావాల్సినవాళ్లకు, అంటే మీద నిఘా ఉన్న విలేకరికో, ఇంట్లో హింస పడుతూ సాయం వెతికే మనిషికో, టార్ బ్రౌజర్ ఉంది. నెమ్మదిగా నడుస్తుంది, కానీ మూడు మజిలీల్లో ఏ ఒక్కదానికీ మొదలూ చివరా రెండూ తెలియకుండా కట్టిన దారి అది. అందరి బ్రౌజర్లూ వీలైనంత ఒకేలా కనిపించేలా కూడా దాన్ని తయారుచేశారు.

ఏడురోడ్ల జంక్షన్ చుట్టుపక్కలో, విజయనగరం కోట దగ్గరో నెట్ సెంటర్‌లో దరఖాస్తు నింపేటప్పుడు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. ఆ కంప్యూటర్‌లో ఏ ఎక్స్‌టెన్షన్లు ఉన్నాయో వాటిని వేసింది మనం కాదు. క్రోమ్‌లో పైన కుడివైపు పజిల్ ముక్క బొమ్మ నొక్కితే జాబితా వస్తుంది, ఈ పేజీని చూడగలిగేవి ఏవో విడిగా చూపిస్తుంది. ఆధార్ నంబరు కొట్టే ముందు ఒకసారి నొక్కి చూడటానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. మన సొంత లాప్‌టాప్‌లో అయితే ఒక్కో ఎక్స్‌టెన్షన్ వివరాల్లోకి వెళ్లి, నొక్కినప్పుడు మాత్రమే పేజీ చూడాలనో, ఫలానా సైట్లలోనే చూడాలనో మార్చుకోవచ్చు.

ఈ పని ఇన్‌స్టాల్ చేసిన రోజే చేయడానికి కారణం ఉంది. ఎక్స్‌టెన్షన్లు వాటంతట అవే అప్‌డేట్ అవుతాయి, ఒకరి నుంచి ఇంకొకరికి అమ్ముడవుతాయి కూడా. కొత్త అప్‌డేట్ మునుపు లేని పెద్ద అనుమతి అడిగితే క్రోమ్ దాన్ని ఆపేసి మిమ్మల్ని మళ్లీ అడుగుతుంది. మొదటి రోజే అన్ని సైట్ల అనుమతి ఇచ్చేసి ఉంటే, రేపు దాని యజమాని మారినా, లోపలి కోడ్ మారినా, ఆ పెట్టె మళ్లీ రాదు.